ఏముంది ఈ పులుసులో?

మా అక్క ఎస్తేరమ్మ చెవిన ఇంకొకరి వంట గురించి మంచిమాట పడకూడదు. పడిందంటే ఆ పూట ఆమెకు ముద్ద దిగదు. అక్కంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. ఆమె భర్త, మా బావగారు హెబ్రోను, ఇందుకూరుపేటలో పోస్టుమాస్టరు. ఆయన తమ్ముడు విజయభాస్కర్ మిషను బడిలో మేష్టరు. ఆ మేష్టరుకు నన్నిచ్చి యాభై ఏడులో పెళ్ళి చేశారు. రెండిళ్ళకూ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒకటి. ఆ గోడకు అవతలున్న మనిషికి ఎంత కడుపుమంటో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నాకు మాత్రం అలాంటి గుణం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది.

నేను కాపురానికొచ్చిన వారంలోపే ఆమె సంగతి కళ్ళారా చూశాను. కొత్తకోడల్ని దీవించడానికి వచ్చిన పాస్టరుగారు అక్కా వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నారు. ఆయన నోరు ఊరుకోక, "మొన్న రెబెక్కమ్మగారింట్లో గోంగూర రొయ్యలు పెట్టినారమ్మా, ఏం రుచి, ఏం రుచి!" అన్నారు. అక్క పప్పు గరిటె పైకెత్తింది ఎత్తినట్టే ఆగిపోయింది. దాన్ని గిన్నెలో పడేసి, కొంగు బిగించి, మూతగల సత్తుగిన్నె ఒకటి చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది. పాస్టరుగారు వట్టి అన్నం ముందు అరగంట కూర్చున్నారు. అక్క తిరిగొచ్చి సత్తుగిన్నె మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఏముంది దీంట్లో! గోంగూరేమో ముదురు, రొయ్యలేమో పసిబిడ్డలు. మీరే చెప్పండి అయ్యగారూ, ఏముంది?"

"ఏం లేదమ్మా, ఏమీ లేదు. నువ్వు పప్పు పొయ్యి తల్లీ" అన్నారాయన.

ఇదీ ఆమె తంతు. ఫలానా వాళ్ళ వంట బాగుందని వినడం, సత్తుగిన్నెతో వాళ్ళింటికి పోవడం, వేలు ముంచి నాకడం, "ఏముంది దీంట్లో!" అనడం. అంతటితో వదిలితే బతికిపోదుము. చింతపండు కొత్తదా పాతదా, నూనె గానుగలోదా కొట్టులోదా, కుండలోనా దాకలోనా, పొయ్యిలో తుమ్మకట్టెలా సరుగుడా అని గంటసేపు పరీక్ష. చివర్న, "ఒక గరిటె పొయ్యి. ఎంత బాగలేదో మా ఇంట్లో వాళ్ళకు చూపిస్తా" అని గిన్నె ముందుకు చాపడం. ఆ గరిటెడు ఇంటికొచ్చాక అచ్చం అదే రుచి తన కుండలో దిగేదాకా రోజూ అదే కూర. తినాల్సింది బావగారు. పాపం, సాయంత్రాలు గోడ దగ్గరికొచ్చి నిలబడేవారు.

"జయమ్మా, మీ ఇంట్లో ఏం కూరమ్మా ఈరోజు?"

"ఉట్టి చారే బావగారూ."

"దేవునికి స్తోత్రం. ఒక గ్లాసు ఇస్తావా తల్లీ?"

మైపాడు పోయే రోడ్డులో, కాలువ దాటాక, నెమ్మది ఇల్లు అని ఒక పెంకుటిల్లు ఉండేది. పెద్దాసుపత్రి వాళ్ళు "ఇక మా చేతుల్లో లేదు" అన్నాక, ఇంట్లో చూసుకునే దిక్కులేని రోగుల్ని చివరిదాకా చూసుకునే చోటు అది. ఎనిమిది మంచాలు, ప్రమీలమ్మ అనే నర్సమ్మ. మా మందిరం స్త్రీల సమాజం పంట పండుగలో ఏటా కూడబెట్టే దానితోనే ఆ ఇల్లు నడిచేది. మేం బియ్యం, దుప్పట్లు, పాత పంచెలు పట్టుకుపోయి వరండాలో పెట్టి, ప్రార్థన చేసుకుని తిరిగొచ్చేవాళ్ళం. లోపలికి పోకూడదు. లోపల ఎవరున్నారో బయటికి తెలియకూడదని ప్రమీలమ్మ కట్టడి. ఆ రోజుల్లో క్షయ, రాచపుండు లాంటి ఆ జబ్బుల పేరు బయటపడితే ఊరు ఊరంతా ఆ ఇంటి గడప తొక్కడం మానేసేది. అందుకని వాళ్ళ వాళ్ళు "మా నాయన మద్రాసు పోయినాడు" అని చెప్పుకునేవాళ్ళు.

పంట పండుగ మార్చిలో, కోతలయ్యాక వస్తుంది. రైతులు తొలిపంట మూటలు తెచ్చి మందిరంలో పెడతారు. గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం వేస్తారు. ఆ పక్కన తాటాకు పందిట్లో మా ఆడవాళ్ళ చేపల పులుసు కుండలు వరసగా ఉంటాయి. టిక్కెట్టు కొన్నవాళ్ళకు విస్తరాకు, అన్నం, ఒక చింతగింజ ఇస్తాం. ఏ పులుసు నచ్చితే ఆ కుండ ముందున్న కొబ్బరిచిప్పలో ఆ గింజ వెయ్యాలి. గింజలు ఎక్కువ పడినామె ఆ ఏటి గ్రూపు ఫోటోలో పాస్టరుగారి పక్కన కుర్చీలో కూర్చుంటుంది. మిగతా వాళ్ళం వెనక నిలబడాలి. నెల్లూరు నుంచి హజరత్తయ్య అనే ఫోటోగ్రాఫరు మూడుకాళ్ళ కెమెరా మోసుకొచ్చి ఆ ఫోటో తీసేవాడు.

యాభై ఎనిమిది నుంచి అరవై రెండు దాకా, వరసగా అయిదేళ్ళు, ఆ కుర్చీలో అక్కే కూర్చుంది. అయిదు ఫోటోల్లోనూ సరిగ్గా ఆమె వెనక నేను నిలబడి ఉన్నాను. మా ఆయన వాటిని చూసినప్పుడల్లా "చూపుతో ఆమె కొప్పు తగలబెట్టేట్టున్నావే" అంటారు. ఎండ పడి కళ్ళు చిట్లించాను. అంతకు మించి ఏమీ లేదు.

ఆ అయిదేళ్ళూ ఆమె పెట్టిన పులుసు ఏ ఏటికాయేడు వేరే వేరే ఇళ్ళ పులుసు. ఒకసారి రెబెక్కమ్మ పులుసుతోనే రెబెక్కమ్మను ఓడించింది. "మన ఇళ్ళకొచ్చి మన గుట్టు లాక్కోని, మన ముందే కుర్చీ ఎక్కతాది!" అని రెబెక్కమ్మ పందిట్లోనే ముక్కు చీదింది. ఆమె బాధ నాకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాలేదు. ఒక ఏడు బావగారు తన చింతగింజ తెచ్చి నా చిప్పలో వేశారు. పొరపాటున వేశానని ఆయనే అందరికీ చెప్పుకున్నారు. తర్వాత వారం రోజులు పోస్టాఫీసు బల్లమీద పడుకున్నారు. అడిగిన వాళ్ళకు, టెలిగ్రాములు ఎప్పుడొస్తాయో తెలియదు గదా అనేవారు.

అరవై రెండు చివర్లో ఒకరోజు అక్క నన్ను తోడు రమ్మని మైపాడు బస్సెక్కించింది. అక్కడ చేపలు పట్టేవాళ్ళ పాళెంలో గురవమ్మ అని ఒకామె ఉందట, ఆమె పులుసు గొప్పదట.

"ఎవరన్నారక్కా?" అన్నాను.

"ఎవరో అన్నార్లే. నీకెందుకు?"

అదొకటి. ఎవరు మెచ్చుకున్నారో మాత్రం చెప్పి చావదు. పాళెంలో గురవమ్మ ఇసకలో ఎండుచేపలు తిరగేస్తూ ఉంది. అక్క పోయి ఎదురుగా నిలబడి, "పులుసు బాగా చేస్తావంట, చూపించు" అంది.

"నువ్వెవురు తల్లీ? మా అత్తకు అక్కవా?" అంది గురవమ్మ. అయినా మనిషి మంచిది, కుండ తెచ్చి పెట్టింది. అక్క వేలు ముంచి నాకింది. ఇంకోసారి ముంచింది. మూడోసారి కూడా ముంచి, "ఏముంది దీంట్లో!" అంది.

గురవమ్మ గరిటె ఎత్తింది. "ఏమీ లేకుంటే మూడు తూర్లు ఎందుకు నాకతన్నావు? అడిగేది తిన్నగా అడుగు, చెప్తా. మేం చేపను సముద్రం నీళ్ళతోనే కడగతాం. ఉప్పు వేరే వెయ్యం. తెల్సిందా?"

తెలిసింది గనక అక్క ఊరుకోదు. రెండు పెద్ద సీసాల నిండా సముద్రం నీళ్ళు పట్టించి, పైటచాటున పెట్టుకుని బస్సెక్కింది. మద్యనిషేధం రోజులు. దారిలో ఒక కానిస్టేబులు బస్సు ఆపి ఎక్కి, అటూ ఇటూ చూసి, తిన్నగా అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏందమ్మా సీసాల్లో?"

"సముద్రం."

"సముద్రమా? మందిరానికి పోయేదానిమాదిరి ఉండావు, ఇదా నువ్వు చేసే పని?" అని బిరడా పీకి, రుజువు కోసం గుక్కెడు నోట్లో పోసుకున్నాడు. మామూలు గుక్క కాదు, అలవాటున్న వాళ్ళ గుక్క. పాపం, మింగలేడు, ఆడవాళ్ళ ముందు ఉమ్మలేడు. కళ్ళు రెండూ గుడ్లగూబ కళ్ళయిపోయాయి. బస్సంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"ఏముంది దీంట్లో?" అని అడిగింది అక్క, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

ఇక నా సంగతికొస్తాను. మాది వాకాడు. మా అమ్మ కరుణాకుమారి పెట్టే చేపల పులుసు కోసం మా ఊళ్ళో చుట్టాలు కానివాళ్ళు కూడా చుట్టరికం కలుపుకునేవాళ్ళు. ఆ పులుసుకో గుట్టుంది. దాన్ని మా అమ్మ సొంత చెల్లెళ్ళకు కూడా చెప్పలేదు. నా పెళ్ళికి ముందురోజు వంటింటి తలుపులు మూసి, గడియ పెట్టి, నా చెవిలో చెప్పింది. "నేను ఉన్నన్నాళ్ళూ పదిమందిలో పెట్టబాకు" అంది. నేను పెట్టలేదు. అందుకే అయిదేళ్ళు ఏదో ఒక మామూలు పులుసు కలిపి తీసుకుపోయి అక్క వెనక నిలబడ్డాను. అరవై రెండు పండుగ అయిన నెలకే అమ్మ పోయింది. ఆమె చీరలు చెల్లెళ్ళు తీసుకున్నారు, ఇల్లు తమ్ముడు తీసుకున్నాడు. నాకు మిగిలింది ఆ పులుసే. అరవై మూడు పండుగలో దాన్ని పెట్టాలి, ఆ కుర్చీలో కూర్చోవాలి, అది నా అమ్మ గెలిచినట్టు అని తీర్మానించుకున్నాను.

పండుగ ఇంకో నెలుందనగా అక్క గోడ మీదుగా తల పెట్టింది.

"జయా, మీ అమ్మ పులుసు అంత గొప్పదంట గదా?"

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నార్లే. ఒక గరిటె పొయ్యమ్మే."

చచ్చినా పొయ్యనన్నాను. ఆమె నాలిక సంగతి నాకు తెలియదా? ఒక్క గరిటె చిక్కితే చాలు, నా అమ్మ గుట్టు కాస్తా తెల్లారేసరికి ఆమె కుండలో ఉంటుంది.

ఆ రోజు నుంచి మా ఇంటి మీద ముట్టడి మొదలైంది. నేను పులుసు పెట్టినరోజల్లా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుకుని వండేదాన్ని. అక్క రోలు దొర్లించుకొచ్చి గోడ పక్కన వేసి, దానిమీద నిలబడి వాసన పట్టేది. కోడిని గోడ మీదుగా మా పెరట్లోకి విసిరి, "మా కోడొచ్చిందా మీ వంటింట్లోకి?" అని దాని వెనకే వచ్చేది. ఒకే రోజు ఆ కోడి నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి తనంతట తానే గోడెక్కి తిరిగిపోయింది. వాసనను బట్టి ఆమె ఏవేవో కలిపి కుండల మీద కుండలు పులుసు పెట్టింది. పదకొండో కుండకు బావగారు నెల్లూరు హెడ్డాఫీసుకు బదిలీ కోరుతూ అర్జీ రాసుకుని జేబులో పెట్టుకున్నారు.

"జయమ్మా, నీకు పుణ్యముంటది. ఒక గరిటె పోసి నన్ను కాపాడు తల్లీ" అన్నారు.

"మీరు నా పక్షాన ఉండండి బావగారూ" అన్నాను.

పండుగకు వారం ముందు అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి కోడి లేదు. గుమ్మంలో నిలబడి, "జయా, ఇగో, నీ గుట్టు నాకొద్దు. పులుసు పొయ్యి చాలు. ఒకే ఒక గరిటె" అంది. ఎన్నడూ లేనిది గొంతులో జోరు లేదు.

"పండుగనాడు పందిట్లో అందరితోపాటు తిందువుగాని" అన్నాను.

"పండుగ దాకా ఆగేట్టు లేదమ్మే."

"అంత ఆత్రమేమి నీకు?" అని తలుపు వేసుకున్నాను. వేసుకున్నాక కాస్త సంతోషమే వేసింది, ఎందుకు దాచాలి.

పండుగనాడు అమ్మ పులుసు పందిట్లో పెట్టాను. మూత తీయగానే వేలం దగ్గరున్న జనం కూడా కోళ్ళను వదిలేసి ఇటొచ్చారు. చింతగింజలు నా చిప్ప నిండి కింద పడుతున్నాయి. రెబెక్కమ్మ గింజ కూడా నాకే వేసింది. అక్క కుండ ముందు బావగారి గింజ ఒకటి, ఆమె గింజ ఒకటి. పాస్టరుగారు నా పేరు చదివారు. మెళ్ళో బంతిపూల దండ వేశారు. కుర్చీలో కూర్చున్నాను. వెచ్చగా, మెత్తగా, ఆరేళ్ళు కలలో చూసినట్టే ఉంది. హజరత్తయ్య నల్లగుడ్డలో తల దూర్చి, "కదలబాకండి, నవ్వండి" అన్నాడు. నవ్వుతూ, అక్క నా వెనక ఎక్కడ నిలబడిందో చూద్దామని తల తిప్పాను.

అక్క లేదు. నా కుండ కూడా లేదు.

"ఎస్తేరమ్మ మీ కుండ ఎత్తుకోని మైపాడు రోడ్డున పరిగెత్తింది! అడుగున ఇంకా రెండు ముక్కలు కూడా ఉండాయి దాంట్లో!" అని రెబెక్కమ్మ కేక వేసింది.

నాకు ఒళ్ళు తెలియలేదు. కుర్చీ, ఫోటో, పాస్టరుగారు, అన్నీ వదిలేసి లేచాను. ఆ ఏటి ఫోటోలో ఖాళీ కుర్చీ ఒకటి, దాని పక్కన నోరు తెరిచిన పాస్టరుగారు ఉంటారు. మా ఆయన్ను పట్టి సైకిలెక్కించి, వెనక క్యారియరు మీద కూర్చుని, "తొక్కండి! దొంగను పట్టుకోవాలి" అన్నాను. ఆయన తొక్కుతున్నారు, నా దండలోంచి బంతిపూలు దారి పొడుగునా రాలుతున్నాయి. మేకలు వెంటపడి వాటిని తింటున్నాయి. కాలువ దాటగానే అక్క కనబడింది. కుండ నెత్తిన పెట్టుకుని, నెమ్మది ఇంటి వరండా ఎక్కి, తలుపు తోసుకుని లోపలికి పోయింది.

కట్టడి గిట్టడి నాకు గుర్తు రాలేదు. నేనూ తోసుకుని పోయాను.

లోపల రెండు వరసల మంచాలు. చివరి మంచం పక్కన అక్క నేల మీద మోకాళ్ళూని, నా కుండలోంచి పులుసు పోసి, మెత్తటి అన్నం పిసికి, ఒక ముసలాయన నోటికి అందిస్తోంది. ఆయన్ను గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. మా వాకాడు మందిరంలో వాక్యం చెప్పే ఉపదేశి జకరయ్యగారు. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. ముప్పై ఏళ్ళపాటు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లోనే భోంచేసిన మనిషి. మద్రాసులో కొడుకు దగ్గరున్నాడని మా వాళ్ళు చెబితే నమ్మాను. ఒకప్పుడు తలుపుకు నిండుగా ఉండేవారు, ఇప్పుడు దుప్పటి కింద సగం మంచమే ఉన్నారు.

ఆయన కళ్ళు మూసుకుని ముద్దను నోట్లో అటూ ఇటూ తిప్పారు. అక్క రెండో ముద్ద చేతిలో పట్టుకుని ఆయన నోటి వంకే చూస్తోంది. అంత భయంగా ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు.

"ఉప్పు ఒక కల్లు తక్కువ" అన్నారాయన.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మా అమ్మ పులుసులో ఉప్పు తక్కువా?" అనేశాను.

ఆయన కళ్ళు తెరవకుండానే నవ్వారు. "కరుణ చేతిదే ఇది. ముప్పై ఏళ్ళు తిన్నా, ముప్పై ఏళ్ళూ ఒక కల్లు తక్కువే. పెట్టే మహాతల్లికి ఎట్ట చెప్పేది? ఊరకుండిపోయినా. ఇంకొక ముద్ద పెట్టు తల్లీ."

"నేనూ అదే అన్నా! పందిట్లో నాకినప్పుడే అనుకున్నా, ఉప్పు తక్కువని!" అని అక్క గంతేసినంత పని చేసింది.

ప్రమీలమ్మ వచ్చి నా రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కుపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. తిట్టడం అయ్యాక మెల్లగా చెప్పింది.

"అయిదేళ్ళ కిందట ఎవరో నా గంజి బాగుంటదన్నారంట. సత్తుగిన్నె తీసుకోని తగువుకు వచ్చింది మీ అక్క. 'ఏముంది దీంట్లో' అంటా లోపలికి దూరింది. ఒకాయన ఆ గంజి ముట్టకుండా ముఖం తిప్పుకోని పడుకోని ఉండాడు. 'ఏమయ్యా, ఏం కావాల' అనడిగితే, 'మా అల్లూరులో మా చెల్లెలు చేసే గోంగూర' అన్నాడు. మర్నాడు ఈమె అల్లూరు పోయింది. ఆ పొద్దు నుంచి ఇదే పని. వీళ్ళకు కడుపుకు పట్టేది రెండు ముద్దలు. ఆ రెండు ముద్దలూ వాళ్ళింటి రుచిగా ఉండాలంటది. అందరిదీ రాబట్టింది. ఉపదేశిగారి దగ్గరే ఓడిపోయింది. కరుణమ్మ పులుసు కావాలన్నాడు. నలభై రోజులు, పన్నెండు కుండలు. ప్రతిసారీ ఆయన 'బాగుంది తల్లీ' అని పక్కకు తిరిగేవాడు. బాగుందంటే అది కాదని అర్థం. ఈ పొద్దే వంక పెట్టినాడు. అంటే అదేనన్నమాట."

నేను లోపలికి చూశాను. కిటికీ పక్క మంచం మీద ఒక నల్లటి ముసలాయన, ప్రమీలమ్మ చెప్పగా మైపాడు గురవమ్మ మామ చిన్నపోలయ్య, సముద్రం నీళ్ళతో వండిన చేపముక్క చప్పరిస్తున్నాడు. ఎవరో అన్నార్లే అంటూ ఆమె దాచిన మనుషులంతా అక్కడే ఉన్నారు. నేను తలుపు వేసిన ఆ వారం రోజులూ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గు పడుతూనే కోపమూ పడ్డాను. ఒకేసారి రెండూ పడడం నాకు వచ్చు.

అక్క చెయ్యి కడుక్కోవడానికి బయటికొచ్చింది. నిలదీశాను.

"మనిషి పేరు చెప్పకూడదు, సరే. ఒక రోగి కోసమని అయినా చెప్పొచ్చు గదా! నేను బకెట్ల కొద్దీ పులుసు తెచ్చి పోసేదాన్ని గదా!"

"అదే గదా! నువ్వు తెచ్చి పోస్తే, 'జయశీల ఎంత మంచిది, జయశీల ఎంత మంచిది' అని ఈ ఎనిమిది మందీ అందురు. నా మంచాల దగ్గిర, నా చెవులతో నేను వినాలా అది?"

ఆమె అంత ఖచ్చితంగా, అంత నిజంగా అన్నది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఆమె చెవి దగ్గరికి పోయి అమ్మ గుట్టు చెప్పేశాను. చింతపండు మంచినీళ్ళలో కాదు, బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళలో నానబెట్టాలి, ఆ నీళ్ళతోనే పులుసు పొయ్యాలి. అంతే.

అక్క నోరు తెరిచింది. "కడుగునీళ్ళా?"

"కడుగునీళ్ళే."

"ఓరి దేవుడా! అయితే ఇన్నేళ్ళూ మీ అమ్మ పులుసు మా గేదె తాగినాది!"

ఆ మర్నాటి నుంచి మా ఇద్దరికీ పొత్తు కుదిరింది. పొత్తంటే తగువే. నాలుగు మంచాలు నాకు, నాలుగు ఆమెకు అని పంచుకున్నాం. ఉపదేశిగారు నావాడు అన్నాను, మా ఊరివాడు గదా. నలభై రోజులు సాకింది నేను అంది అక్క. ఆయన తలకు అటూ ఇటూ నిలబడి అరుచుకున్నాం. చివరికి ఆయనే, "మధ్యాహ్నం ఒకరు రండమ్మా, సాయంత్రం ఒకరు రండి. వంతులు మార్చుకోండి" అని తీర్పు చెప్పారు. డాక్టరుగారు ఆయనకు మూడు వారాలన్నారు. ఆయన మార్చి దాటారు, ఎండలు దాటారు, జూలై వానలు కూడా చూశారు. ఏ పూట పోతే ఇద్దరిలో ఎవరికి కోపమొస్తుందోనని ఆగారని మా బావగారు అనేవారు.

జూలైలో ఒకరోజు సాయంత్రం వంతు అక్కది. దీపాలు పెట్టేవేళకు తడుస్తూ తిరిగొచ్చి, తన ఇంటికి పోకుండా తిన్నగా మా వంటింట్లోకి వచ్చింది. చేతిలో మూతపెట్టిన గ్లాసు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"జయా, ఒక మాట చెప్పాలని వొచ్చినా. ఉపదేశిగారు ఈ పొద్దు మీ అమ్మను మెచ్చుకున్నాడే. 'కరుణా, ఈ పొద్దు ఉప్పు సరిపోయింది' అన్నాడు. నా ముఖం చూసి మీ అమ్మ అనుకున్నాడు పాపం. నేను సరిదిద్దలేదు. 'అట్టనా అన్నా' అనేసినా. నీకు చెప్పకుండా ఉండలేకపోయినా."

వండింది ఆమె. ఆ ఒక్క కల్లు ఉప్పు వేసింది ఆమె. ముప్పై ఏళ్ళలో ఆయన నోటినుంచి వచ్చిన ఆ మొదటి మెప్పు ఆమెది. దాన్ని తనది కాదని, వానలో మైలున్నర నడిచి, పోయిన నా తల్లికని నాకు తెచ్చిచ్చింది. నాకు ఆమె మీద ఎంత ప్రేమ పొంగిందో, అంత కడుపూ మండింది. నా అమ్మ పులుసు అది. ఆ మాట నా వంతు రోజున అనకూడదా ఆయన?

గ్లాసు మూత తీసి వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. అక్క నా ముఖంలోకే చూస్తోంది, నీళ్ళు కారుతున్న కొంగు పిండుకోవడం కూడా మరిచిపోయి. ఉప్పు సరిగ్గా ఉంది. పులుపు, కారం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మా అమ్మ కూడా ఎన్నడూ అంత బాగా పెట్టలేదు.

"ఉప్పు కాస్త ఎక్కువైందక్కా" అన్నాను.

ఆమె ముఖం విప్పారిపోయింది.